ధౌలాధార్ నీడలో క్రికెట్టు

క్రికెట్టు వ్యాఖ్యానము వినునపుడు శ్రోతకు బ్యాటు చప్పుడును, జనుల కేకలును అందును గాని, మైదానము చుట్టునున్న కొండలు అందవు. కావున ధర్మశాల మైదానమును గూర్చి శ్రోతలకు కొంత తెలుపదలచినాము.

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 1,457 మీటర్ల ఎత్తున ఈ మైదానమున్నది. దాని వెనుక ధౌలాధార్ శిఖరములు మంచుతో మెరయుచుండును. అంత ఎత్తున గాలి పలుచన. అందుచేత పైకి లేచిన బంతికి అడ్డు తగ్గి, అది మరికొంత దూరము పోవును.

ఇచ్చట తొలి అంతర్జాతీయ వన్డే 2013 జనవరి 27న జరిగినది. ఇంగ్లండు 7 వికెట్లతో భారత్‌ను ఓడించినది. 2017 మార్చిలో తొలి టెస్టునాటికి ఆస్ట్రేలియాతో సిరీస్ 1-1గా ఉన్నది. కోహ్లీ గాయపడగా రహానే నాయకత్వము వహించెను. తొలి టెస్టు ఆడిన కుల్దీప్ యాదవ్ మొదటి ఇన్నింగ్సులో 4 వికెట్లు తీసెను. భారత్ 8 వికెట్లతో గెలిచి సిరీస్ దక్కించుకొన్నది. 2023 ప్రపంచకప్పులో నెదర్లాండ్స్ ఇచ్చటనే దక్షిణాఫ్రికాను 38 పరుగులతో ఓడించి లోకమును విస్మయపరచినది. 2024 మార్చిలో అశ్విన్ తన 100వ టెస్టును ఇచ్చటనే ఆడెను. ఆ టెస్టులోనే ఆండర్సన్ 700వ వికెట్టు తీసెను.

అయితే కొండచలికి వెల యున్నది. 2023 మార్చిలో ఇచ్చట జరుగవలసిన టెస్టును ఇండోర్‌కు మార్చవలసి వచ్చినది. తీవ్రమైన శీతకాలమువలన మైదానమున గడ్డి చాలినంత దట్టముగా ఎదుగకపోవుటే కారణము. మంచుకొండలు చూపరులకు కనువిందు; గడ్డిని కాచు తోటమాలికి మాత్రము అవి ఏటేటా ఎదురగు పరీక్ష.