నూ నది లోయలో: కొండ దిగిన రైతుకు పని ఏది?

సాగునేల అంటే మన కళ్ళముందు చదునైన మడి మెదులుతుంది. చైనా నైరుతి మూలన, యున్నాన్ రాష్ట్రంలోని నూ నది లోయలో ఆ లెక్క కుదరదు. లియుకు పట్టణం నుంచి గోంగ్‌షాన్ దాకా సుమారు 250 కిలోమీటర్లు ఏటి వెంబడే మేము ఎగువకు ప్రయాణించాం. పడమట గావొలిగోంగ్ కొండలు, వాటి వెనుక బర్మా. తూర్పున బిలువో కొండలు, వాటి వెనుక మెకాంగ్ లోయ. మధ్యన ఏరు, ఏటి పక్కన రోడ్డు, అంతే చోటు. ఈ ప్రాంతంలో నూటికి 98 వంతులు కొండలూ లోయలే. సాగయ్యేది నూటికి 5 వంతులు కూడా లేదు. అందులోనూ నాలుగింట మూడు వంతులు 25 డిగ్రీలు మించిన వాలు. అక్కడ నాగలి నిలవదు. పారతో తవ్వి మొక్కజొన్న వేస్తారు. వరి మడులు ఏటి ఒడ్డున అక్కడక్కడ మాత్రమే.

టిబెట్‌లో పుట్టిన ఈ నది బర్మాలో సాల్వీన్ పేరుతో పారి మౌల్మీన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల కూలీలు పొట్ట చేతబట్టుకొని ఓడలెక్కి వెళ్ళిన మౌల్మీనే అది.

లోయలో ఎక్కువమంది లిసూ తెగవారు. నూ, దులోంగ్ తెగలూ, టిబెటన్లూ ఉన్నారు. విప్లవానికి ముందు ఈ తెగలు దొరలకు కప్పం కట్టేవి. మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయిన రోజులూ ఉన్నాయి. 1949 తర్వాత మైదానాల్లో జరిగిన భూపంపిణీ ఉద్యమాన్ని ఇక్కడ నడపలేదు. వర్గాలు పూర్తిగా వేరుపడని సమాజమని చెప్పి నేరుగా సహకార సేద్యంలోకి తెచ్చారు. 1958లో వచ్చిన కమ్యూన్లు 1980 దశకంలో రద్దయ్యాయి. ఈనాడు భూమి గ్రామ సమష్టిది, సేద్యం కుటుంబానిది. దాన్ని అమ్ముకోవడానికి వీల్లేదు.

తాడు పోయి వంతెన వచ్చింది

ఏరు దాటడమే ఈ జనానికి తరతరాల గండం. పడవ నిలవని ఉరవడి. అందుకే ఒడ్డు నుంచి ఒడ్డుకు తాళ్ళు కట్టారు. పోవడానికొకటి, రావడానికొకటి. తాడు ఒక కొస ఎత్తున, మరో కొస పల్లాన ఉంటుంది. దానికి వేలాడి జారిపోవడమే. మొదట్లో వెదురు పేనిన తాడు, తర్వాత ఉక్కు తాడు. ఎరువు బస్తా, పంది, బడికెళ్ళే పిల్లలు అన్నీ అలాగే దాటాలి. గత పదిహేనేళ్ళలో ప్రభుత్వం ఈ తాళ్ళ స్థానంలో వంతెనలు కట్టింది.

పడమటి కొండ అవతల దులోంగ్ లోయ. అక్కడి తెగ జనం ఏడు వేలకు అటూ ఇటూ. 1999 దాకా మోటారు రోడ్డే లేదు. గుర్రాల మీద బియ్యం, ఉప్పు, మందులు చేరేవి. మంచు పడితే సగం ఏడాది దారి మూసుకుపోయేది. 2014లో ఆరున్నర కిలోమీటర్లు పైబడిన సొరంగం తెరిచాక ఆ దిగ్బంధం తీరింది. ఇది చిన్న సంగతి కాదు. కాన్పు కష్టమైతే ఆసుపత్రికి చేరడానికి దారి ఉండటమంటే ఏమిటో మన మన్యం జనాన్ని అడిగితే తెలుస్తుంది.

రాని ఆనకట్టకు కదిలిన ఊరు

2003లో నూ నదిపై 13 ఆనకట్టల పథకం బయటికొచ్చింది. 21 వేల మెగావాట్ల కరెంటు, సుమారు 50 వేల మంది నిర్వాసితులు. లోయ రైతులు కొందరు 2004లో పర్యావరణ కార్యకర్తల వెంట పక్కనున్న మెకాంగ్ లోయకు వెళ్ళారు. 1990 దశకంలో కట్టిన మాన్వాన్ ఆనకట్ట కింద భూములు పోయినవారు చెత్తకుప్పల్లో ఏరుకొని బతకడం కళ్ళారా చూశారు. దేశంలోనూ అభ్యంతరాలు పెరిగాయి. ఆ ఏడాదే ప్రధాని వెన్ జియాబావో పథకాన్ని ఆపి పునఃపరిశీలించమన్నారు. పదమూడింటిలో ఒక్కటీ లేవలేదు. కానీ లియుకు దగ్గరి షియావోషాబా గ్రామాన్ని 2007లో ఆనకట్ట పేరుతో కొత్త ఇళ్ళలోకి తరలించేశారు. ఊరు కదిలింది, ఆనకట్ట రాలేదు. పోలవరం ముంపు గ్రామాలు చూసినవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

కొండ దిగాక

ఇటీవలి పెద్ద మార్పు పునరావాసం. ఐదున్నర లక్షల జనాభాలో సుమారు లక్షమందిని కొండలపై నుంచి దించి ఏటి పక్క బహుళ అంతస్తుల ఇళ్ళలో ఉంచారు. 2020లో ఈ ప్రాంతం పేదరికం నుంచి బయటపడిందని ప్రకటించారు. కరెంటు, కుళాయి, బడి, ఆసుపత్రి దగ్గరయ్యాయి. కొండచరియ మీద పడుతుందన్న భయం తగ్గింది. ఇవి నిజమైన లాభాలు.

మరి పని? కాగితంపై సేద్యపు హక్కు ఉండొచ్చు. కానీ చేను కొండపైన, కాపురం ఏటి ఒడ్డున. మేకల్ని మేడమీద కట్టలేం, కూరపాదు వరండాలో పాకించలేం. నిన్నటిదాకా పెరట్లో కోసుకొన్న కూర ఇవాళ కొనాలి. కొందరికి అడవి కాపలా పని దొరికింది. కొందరు అడవి నీడలో పండే ఏలకుల జాతి మసాలా కాయపై ఆధారపడ్డారు, దాని ధర బజారు చేతిలో ఉంది. వయసులో ఉన్నవాళ్ళు దూరపు ఫ్యాక్టరీలకు వలస పోతున్నారు. రైతు కూలీగా మారడానికి కొండ అడ్డం కాదు, దేశం అడ్డం కాదు.

రోడ్డు వద్దని, వంతెన వద్దని ఏ పేదవాడూ అనడు. అడిగేదల్లా ఒకటే: ఊరు కదలాలా వద్దా అన్నది ఆ ఊరి జనమే తేల్చాలి. కదిలితే ఇంటితోపాటు చేతికి పని, కాలికింద నేల చూపించాలి. ఈ అడుగు నూ నది రైతుదీ, గోదావరి గిరిజనుడిదీ.