డ్యూటీలో పెద్ద ఘటన జరిగాక: పోలీసు కుటుంబం తెలుసుకోవాల్సినవి

రాత్రి డ్యూటీకి వెళ్లిన మనిషి తెల్లారి ఇంటికొచ్చాడు. ఒంటిమీద దెబ్బ లేదు. కానీ బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయాడు. ఏమైందని అడిగితే "ఏం లేదు" అన్నాడు.

చాలా పోలీసు ఇళ్లకు ఇలాంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కాల్పులు, రాళ్ల దాడి, వాహన తనిఖీలో లారీ దూసుకురావడం, తోటి కానిస్టేబుల్ కళ్లముందే చనిపోవడం, ప్రమాదంలో పోయిన పసిబిడ్డను చేతుల మీద మోయాల్సి రావడం, ఇవన్నీ ఆ కోవలోవే. అప్పుడు ఎవరిని అడగాలి, ఏది ముందు చేయాలి అన్నది ఇక్కడ చదవండి. "మీవారు" అని రాసిన ప్రతిచోటా మహిళా సిబ్బందికి, వారి కుటుంబాలకు కూడా అదే వర్తిస్తుంది.

మొదటి కొన్ని రోజులు ఇంట్లో

నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, జరిగిందే పదేపదే కళ్లముందు మెదలడం, అయినదానికీ కానిదానికీ కోపం, తిండి సయించకపోవడం, ఇవన్నీ పెద్ద దెబ్బ తిన్న మనసు చేసే పనులే. చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి.

ఏం జరిగిందో చెప్పమని బలవంతం చేయకండి. చెప్పాలనిపించినప్పుడు వినండి చాలు. "నువ్వు పోలీసువి, ధైర్యంగా ఉండాలి" అనే మాట ఆ సమయంలో సాయం చేయదు. వేళకు భోజనం, కాస్త నడక, పక్కన ఒక మనిషి, ఇవే ఎక్కువ పని చేస్తాయి. మందు తాగితే నిద్ర పడుతుందనుకోవడం పొరపాటు. అది నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది.

పిల్లలకు విషయం టీవీలోనో ఫోన్ వీడియోలోనో తెలియకముందే మీరే వాళ్ల వయసుకు తగినట్టు చెప్పండి. ఘటన వీడియోలు మీ గ్రూపుల్లోకి వస్తే ఎవరికీ పంపకండి, ఇంట్లో పెట్టి చూడకండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

నెల దాటినా ఈ బాధలు తగ్గకపోతే, డ్యూటీకి వెళ్లాలంటేనే వణుకు వస్తుంటే, తాగుడు పెరిగితే మానసిక వైద్యుడిని కలవాలి. "నేను ఉండి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి వినిపించినా నెల ఆగొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. దగ్గర ఆయుధం ఉంటే పైఅధికారికి చెప్పి స్టేషన్‌లో జమ చేయించండి. ఇది ఫిర్యాదు చేయడం కాదు, ప్రాణం కాపాడటం.

14416 టెలి మానస్ నంబర్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీవారు చేయకపోతే మీరైనా చేసి, ఎలా మెలగాలో అడగవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112కు చేయండి.

"ఆఫీసులో తెలిస్తే పరువు పోతుంది" అన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని కూడా ఆ చట్టం చెబుతోంది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని బీమా సంస్థలకు నిబంధన పెట్టింది. సిబ్బంది చందాతో నడిచే ఆరోగ్య భద్రత కార్డు మీకుంటే, మానసిక చికిత్సకు అది ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో యూనిట్‌లో అడిగి రాసి పెట్టుకోండి.

కాల్పులు జరిగితే

కాల్పుల్లో ఎవరైనా చనిపోతే కేసు నమోదవుతుంది, మెజిస్టీరియల్ విచారణ జరుగుతుంది, ఆయుధాన్ని పరీక్షకు తీసుకుంటారు. మీవారిని దోషిగా తేల్చేశారని దీనికి అర్థం కాదు. పోలీసు కాల్పుల్లో మరణం సంభవించిన ప్రతిసారీ ఇలా చేయాలని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ కేసు తీర్పులో మార్గదర్శకాలు ఇచ్చింది.

అదే తీర్పులో మీ గురించి కూడా ఒక మాట ఉంది. ఘటన సమాచారం ఆ పోలీసు అధికారి కుటుంబానికి పంపాలి, న్యాయవాది లేదా కౌన్సెలింగ్ అవసరమైతే ఆ సాయం అందజేస్తామని చెప్పాలి. ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియదు. మీకు ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయానికి వెళ్లి, ఈ తీర్పు పేరు చెప్పి, కాగితం మీద రాసి అడగండి. విచారణ నడుస్తున్నంత కాలం ఘటన గురించి బయటివాళ్లతో, ఫోన్‌లో చర్చించకండి.

గాయపడితే

చికిత్స బిల్లులు, డిశ్చార్జ్ కాగితం, ఎఫ్ఐఆర్ కాపీ ఒకే ఫైల్లో పెట్టండి. జీతం పడే ఖాతాకు ప్రమాద బీమా ఉందేమో బ్యాంకులో వెంటనే అడగండి. క్లెయిమ్‌కు గడువు ఉంటుంది. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు. దరఖాస్తుకు చట్టంలో ఉన్న గడువు 6 నెలలు. ఢీకొట్టిన బండి దొరక్కపోయినా, హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000 రూపాయలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి.

ప్రాణం పోతే

ఆ వారంలో మీరు ఏ నిర్ణయమూ తీసుకునే స్థితిలో ఉండరు. కాబట్టి నమ్మకమైన ఒక బంధువును కాగితాల పనికి పెట్టుకోండి. జిల్లా పోలీసు కార్యాలయంలో సంక్షేమం చూసే ఆర్‌ఐని కలవమనండి. పోలీసు అధికారుల సంఘం ప్రతినిధి సాయం కూడా తీసుకోండి.

ముందుగా కావలసినవి: మరణ ధ్రువీకరణ పత్రం, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. ఒక్కొక్కటీ పది నకళ్లు తీయించుకోండి.

అడగాల్సినవి: ఎక్స్‌గ్రేషియా, కుటుంబ పెన్షన్, గ్రాట్యుటీ, జీపీఎఫ్ లేదా సీపీఎస్ నిల్వ, గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రభుత్వ జీవిత బీమా, మిగిలిన సెలవుల డబ్బు, జీతం ఖాతా ప్రమాద బీమా. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారు సీపీఎస్‌లో ఉంటారు. వారి లెక్క పాత పెన్షన్ వారి లెక్క లాంటిది కాదు. మీవారు ఏ పద్ధతిలో ఉన్నారో ముందే తేల్చుకోండి.

కారుణ్య నియామకానికి మరణం జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. దుఃఖంలో ఉండగానే ఈ గడువు దాటిపోతుంది. ఎవరు ఉద్యోగంలో చేరాలన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు, గడువు మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. "డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అంటూ ఫోన్ చేసేవాళ్లు మోసగాళ్లే.

ఈ రోజే చేయాల్సిన పని

ఏ ఘటనా జరగకముందే మీవారిని కూర్చోబెట్టి సర్వీసు రిజిస్టర్‌లో, జీపీఎఫ్‌లో, బీమాల్లో, బ్యాంకులో నామినీ ఎవరో అడగండి. పెళ్లికి ముందు ఇచ్చిన పేర్లే చాలామందివి ఇంకా అలాగే ఉంటాయి. మార్చాల్సి ఉంటే ఈ నెలలోనే మార్పించండి. పాలసీ నంబర్లు, పెన్షన్ వివరాలు, యూనిట్‌లో నమ్మదగిన ఒకరి ఫోన్ నంబర్ ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.