తొంబది దినముల లెక్క

మే మాసమున అమెరికా విశ్వవిద్యాలయములలో స్నాతకోత్సవములు జరుగును. నల్లని అంగీ తొడిగి, చదరపు టోపీ ధరించి, పట్టా చేత బట్టిన కుమారుని ఛాయాచిత్రము గుంటూరుకో, కరీంనగరుకో చేరును. తండ్రి దానిని మిత్రులకు చూపును. చిన్ననాడు అక్షరములు దిద్దించిన మాస్టారికిని చూపును. ఇంటిల్లిపాదికి అది ఒక ప్రయాణము ముగిసిన దినము. చిత్రములోని యువకునికి మాత్రము మరియొక లెక్క మొదలగు దినము.

ఆ లెక్క ఎట్టిదో ఇంటనున్నవారిలో పెక్కుమందికి తెలియదు. చదువుకై అమెరికా వెళ్ళువారికి సాధారణముగా లభించునది ఎఫ్-1 వీసా. అది చదువుకొనుటకు ఇచ్చిన అనుమతియే గాని, కొలువు చేయుటకు ఇచ్చినది కాదు. చదువు సాగునప్పుడు విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటల వరకు పని చేయవచ్చును. చదువు ముగిసిన పిదప, చదివిన విషయమునకు సంబంధించిన పనిలో 12 మాసములు అనుభవము గడించుటకు వీలు కలదు. దీనినే ఓ.పి.టి. అందురు. కంప్యూటరు శాస్త్రము, ఇంజనీరింగు, గణితము వంటివి చదివినవారు 2016 నాటి నిబంధనలను బట్టి మరి 24 మాసములు పొడిగింపు కోరవచ్చును. వెరసి మూడు సంవత్సరములు.

వినుటకిది దీర్ఘకాలమే. కాని మొదటి సంవత్సరమున, అనుమతి పత్రములోని ఆరంభ తేదీ మొదలుకొని, ఉద్యోగము లేక గడచిన దినములన్నియు కలిసి 90కి మించరాదు. ఆదివారములును లెక్కకు వచ్చును, పండుగలును వచ్చును. పొడిగింపు పొందినవారికి మొత్తము మీద ఈ హద్దు 150 దినములు. ఇక్కడ బ్యాంకు అప్పునకు వడ్డీ పెరుగుచుండ, అక్కడ దినములు తరుగుచుండును.

ఈ లెక్క ఎరిగినవాడు పట్టా చేతికి వచ్చువరకు ఆగడు. పెద్ద సంస్థలు రాబోవు వేసవిలో పట్టభద్రులగువారిని అంతకుముందటి శరదృతువునందే ఎంచుకొన నారంభించును. మొదటి సంవత్సరము ముగిసిన పిదప వచ్చు వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసినవారిని ఆ సంస్థలే పలుమారులు ఉద్యోగమునకు పిలుచును. ఆ ఇంటర్న్‌షిప్‌లకును ఎంపిక ముందటి శరత్తులోనే మొదలగును. అనగా, ఆగస్టులో విమానము దిగిన విద్యార్థి పెట్టె విప్పి సర్దుకొనకమునుపే ఒక్క పుటలో తన రెజ్యూమె సిద్ధము చేసికొని, విశ్వవిద్యాలయపు ఉద్యోగ మేళాలో నిలువవలెను. ఈ సంగతి తెలియక, మొదట మార్కులు, పిదప ఉద్యోగము అనుకొన్నవాడు ఒక సంవత్సరము వెనుకబడును.

ఇంటర్వ్యూ తీరును తెలుగునాటి విద్యార్థికి క్రొత్తయే. ఒక చిక్కు సమస్య నిచ్చి, సుమారు ముప్పావుగంటలో దానికి ప్రోగ్రాము వ్రాయుమందురు. సమాధానము సరియగుట ఒక్కటే చాలదు. ఏ దారిని ఎందుకు ఎంచుకొనెనో, ఏది ఎందుకు విడిచెనో పైకి చెప్పుచు సాగవలెను. తప్పుదారి పట్టినచో దానిని తానే గుర్తించి దిద్దుకొనుట కూడ గుణముగనే పరిగణింపబడును. మౌనముగా కూర్చుండి, పూర్తియైన జవాబునే అప్పగించుటకు అలవాటుపడినవాడు ఇక్కడ తడబడును. అతనికి తెలివి లేక కాదు. నోరు విప్పి ఆలోచించుట ఎవరును నేర్పకపోవుట చేత.

దరఖాస్తులో తరచు మరియొక ప్రశ్న ఎదురగును: ఇప్పుడుగాని ఇకముందుగాని మీ వీసాకై సంస్థ పూచీ వహింపవలసి యుండునా? అవునని నిజము చెప్పినంతనే కొన్ని తలుపులు మూతపడును. ఓ.పి.టి. ముగిసిన పిదప నిలుచుటకు సాధారణముగా కోరునది హెచ్-1బి వీసా. ఏటేట 65,000, అక్కడి ఉన్నత పట్టాలు పొందినవారికి మరి 20,000. ఇది పరిమితి. 2023 మార్చిలో వచ్చిన నమోదులో, ఒకే వ్యక్తి పేర వచ్చిన పలు నమోదులతో కలిసి, 7,80,000 పైచిలుకు. పెక్కేండ్లు చీట్లు తీసినట్లు ఎంపిక సాగెను. 2025 చివర ప్రకటింపబడిన నిబంధన అధిక వేతనపు కొలువులకు అధికావకాశము కల్పించుటచే, క్రొత్తగా పట్టా పొందినవారి దారి మరింత ఇరుకైనది.

ప్రతిభ ఉన్నను చట్టము ముందు తల ఒగ్గక తప్పదనుటకు హైదరాబాదున 1967లో జన్మించిన సత్య నాదెళ్ళ జీవితమే నిదర్శనము. ఆయన మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరెను. శాశ్వత నివాసపు గ్రీన్ కార్డు చేతనున్నను, నాటి నిబంధనలను బట్టి భార్యను వెంటనే తెచ్చుకొనలేకపోయెను. హెచ్-1బి ఉన్నవారికి ఆ అడ్డంకి లేదు. 1994లో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమునకు పోయి, జనులు ఏండ్ల తరబడి ఎదురుచూచు ఆ కార్డును వదలుకొని హెచ్-1బి కోరెను. 2014లో ఆ సంస్థకే అధిపతి యయ్యెను.

దినములు తరుగుకొలది అడ్డదారులు ఆకర్షించును. చేయని కొలువులు చేసినట్లు రెజ్యూమెలో వ్రాయించువారు, ఇంటర్వ్యూలో మరియొకరిచే మాటలాడించువారు కలరు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర నడచినది అమెరికా అధికారులే పన్నిన వల యని బయటపడెను. అందు పాఠములు లేవు, ఆచార్యులు లేరు. రుసుము చెల్లించి, పేరునకు విద్యార్థులుగా చేరినవారు నూరుమందికి పైగా నిర్బంధింపబడిరి. వారిలో తెలుగువారు పెక్కురు. నిజమైన దారి లేకపోలేదు: మొదటి సంవత్సరమున, చదువునకు సంబంధించిన పనిని వేతనము లేకయే అయినను చట్టబద్ధముగా వారమునకు 20 గంటలకు తక్కువ కాకుండ చేసినచో అది ఉద్యోగముగనే లెక్కకు వచ్చును. ఆ దారి తెలిసినవారు తక్కువ.

దూరపు కొండలు నునుపు. వాని గరుకుదనము తెలిసికొని ఎక్కువానికి అవి ఎక్కరానివి కావు. సిఫారసు లేఖకై వచ్చిన శిష్యునితో ఏ విశ్వవిద్యాలయమని అడుగు మాస్టారు, నీ దినముల లెక్క తెలిసికొంటివా యనియు అడుగవలసియున్నది. అంతకు ఎంతో ముందు, ఎనిమిదవ తరగతిలో లెక్క చేయుటకు నల్లబల్ల కడకు పిలిచినప్పుడు, జవాబు మాత్రమే కాక, "ఎట్లు ఆలోచించితివో చెప్పు నాయనా" అని అడిగినచో, ఆ బాలుని పరదేశ ప్రయాణమునకు తొలి సన్నాహము ఆ నల్లబల్ల కడనే జరిగినట్లగును.