ఇంటి గడప లోపలి సదఖా

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు కురియుగాక!



సదఖా అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి మస్జిదు ద్వారం దగ్గరి చందా డబ్బా, చేయి చాచిన నిరుపేద, మదరసాకు రాయించే రసీదు. ఇవన్నీ నిస్సందేహంగా పుణ్యకార్యాలే. అయితే దైవప్రవక్త (స) మన దృష్టిని వీటికంటే ముందు మరో చోటికి మళ్ళించారు. ఆ చోటు మన సొంత ఇల్లు. ఖర్చు చేసేటప్పుడు మన పోషణలో ఉన్నవారితోనే మొదలుపెట్టాలని ఆయన ఉపదేశించారు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అందులో దైవప్రవక్త (స) నాలుగు దీనార్లను ప్రస్తావించారు. ఒకటి అల్లాహ్ మార్గంలో వెచ్చించినది, మరొకటి బానిస విముక్తికి ఇచ్చినది, ఇంకొకటి పేదవానికి దానం చేసినది, చివరిది ఆలుబిడ్డలపై ఖర్చు చేసినది. వీటిలో అన్నిటికంటే ఎక్కువ ప్రతిఫలం చివరి దీనారుకే అని ఆయన తెలియజేశారు. కారణం స్పష్టమే. కుటుంబ పోషణ మనపై విధి. విధిని నెరవేర్చడం ఐచ్ఛికమైన ఆరాధనకంటే అల్లాహ్‌కు ప్రీతికరం.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ప్రపంచంలో ప్రతి తండ్రీ బిడ్డలకు తిండి పెడుతూనే ఉన్నాడు కదా, అందులో ఆరాధన ఏముంది? దీనికి సమాధానం హజ్రత్ అబూ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన బుఖారీ హదీసులో లభిస్తుంది. అల్లాహ్ ప్రతిఫలాన్ని ఆశిస్తూ కుటుంబంపై చేసే ఖర్చే సదఖాగా పరిగణించబడుతుందని అందులో ఉంది. అంటే బియ్యం మూట అదే, ధర అదే. దానిని మోసుకువచ్చే మనిషి హృదయంలోని సంకల్పమే తేడా. అలవాటును ఆరాధనగా మార్చేది నియ్యత్.

వీడ్కోలు హజ్జ్ జరిగిన సంవత్సరం హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) వారించారు. సగం ఇస్తానన్నా ఒప్పుకోలేదు. చివరకు మూడింట ఒక వంతుకు అనుమతిస్తూ, అది కూడా ఎక్కువే అన్నారు. వారసులు ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో మిగలడం కంటే వారిని సంపన్నులుగా వదలివెళ్ళడం మేలని బోధించారు. అల్లాహ్ ప్రసన్నత కోసం చేసే ప్రతి ఖర్చుకూ, చివరకు భార్య నోటికి అందించే అన్నం ముద్దకూ పుణ్యం ఉందని శుభవార్త వినిపించారు. ఆస్తిలో రెండు వంతులు ఇవ్వడానికి సిద్ధపడిన సహాబీకి ఆయన చూపించినది ఒక ముద్ద! గమనించండి.

సోదరులారా! ఇంట్లో ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఆయన ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒక నాయకుడు, ఒక ప్రవక్త, తన సమయాన్నీ చేతి కష్టాన్నీ ఇంటివారికి ఇచ్చారు. తోటి సోదరుని ముఖం చూసి చిరునవ్వు నవ్వడం సదఖా అయినప్పుడు, రోజంతా మనకోసం ఎదురుచూసిన తల్లి ముఖం చూసి నవ్వడం ఎంతటి సదఖా! బయట అందరికీ నవ్వులు పంచి, ఇంటికి అలసటనూ విసుగునూ మాత్రమే తెచ్చేవారు ఈ విషయం ఆలోచించాలి.

ఒకసారి ఒక పేద తల్లి ఇద్దరు ఆడపిల్లలతో హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి వచ్చింది. ఆమెకు మూడు ఖర్జూరాలు లభించాయి. బిడ్డలకు చెరొకటి ఇచ్చి, మూడవది తాను తినబోయింది. పిల్లలు అదీ అడిగారు. దానిని రెండుగా చీల్చి వారికే ఇచ్చేసింది. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స), ఆ పని వల్ల అల్లాహ్ ఆమెకు స్వర్గాన్ని ఖాయం చేశాడని తెలిపారు. ఇలాంటి తల్లులు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలినది తినే ఆమె కోసం మనలో ఎంతమంది ఒక మంచి ముక్క తీసి పెడుతున్నాము?

ఇక అతి ముఖ్యమైన విషయం. ఇంట్లో ఇచ్చిన దానికి ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. బయటి పేదవాడు తీసుకుని వెళ్ళిపోతాడు. ఇంటివారు మన కళ్ళ ముందే ఉంటారు. కాబట్టి చేసిన మేలును ఎత్తిపొడిచే అవకాశం ఇంట్లోనే ఎక్కువ. దెప్పిపొడుపులతో, మనసు నొప్పించడంతో దానాలను వృథా చేసుకోవద్దని అల్లాహ్ అల్ బఖరా సూరాలో విశ్వాసులను హెచ్చరించాడు. బాధ పెట్టే దానంకంటే మంచి మాటే మేలని కూడా అక్కడే తెలియజేశాడు.

ఈ మాట మీకు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక నెలాఖరున మా ఇంట్లో ఆమె ఖర్చులకు డబ్బు అడిగింది. “మొన్ననే కదా ఇచ్చాను, ఏం చేశావు?” అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. లెక్క రాసుకున్న కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పాలు, గ్యాసు, పిల్లవాడి ఫీజు, మా అమ్మ మందులు. తనకోసం కొనుక్కున్నది ఒక్కటీ లేదు. ఆ వారమే నేను మింబరుపై నిలబడి సదఖా ఘనతను గురించి ప్రసంగించి వచ్చాను. తర్వాత డబ్బు ఇచ్చాను. కాని ఇవ్వకముందే దాని పుణ్యాన్ని నా నాలుకతో కాల్చుకున్నాను. నాటి నుండి అడగకముందే ఇవ్వడానికి ప్రయత్నిస్తున్నాను.

కొందరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. కూలి దొరకని రోజులు ఉంటాయి. అల్ ఇస్రా సూరా అటువంటి వారికి దారి చూపింది. ఇవ్వలేని స్థితిలో బంధువులతో, పేదలతో మృదువుగా మాట్లాడమని ఆదేశించింది. మృదువైన మాటకు పేదరికం అడ్డు రాదు.

అయితే “ఇల్లే ముందు” అన్నది బయటివారికి తలుపు మూసుకోవడానికి సాకు కారాదు. కూర వండితే కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశించారు. పేద బంధువుకు ఇస్తే దానపుణ్యం, బంధుత్వ పుణ్యం రెండూ లభిస్తాయి. మరో విషయం మరువకండి. తల్లిదండ్రులకు, భార్యకు, పిల్లలకు పెట్టే ఖర్చును జకాత్ లెక్కలో వేయరాదు. వారి పోషణ మన బాధ్యత. జకాత్‌కు అర్హులైన పేద అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు మాత్రం ఇవ్వవచ్చు.

కొద్దిదైనా సరే, నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనది. కనుక ఈ జుమా నుండే మొదలుపెడదాం. గడప దాటే ముందు బిస్మిల్లాహ్ అని, సలాము చెప్పి, చిరునవ్వుతో లోపలికి వెళదాం. తల్లిదండ్రులకు మన చేతితో మంచినీళ్ళు అందిద్దాం. వంట చేసినవారి పళ్ళెంలో ముందుగా మనమే వడ్డిద్దాం. పొరుగింటికి పంపే గిన్నెను పిల్లల చేత పంపిద్దాం. ఇచ్చిన తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తకుండా ఉందాం.

ఒకసారి మేకను కోసి మాంసం పంచిపెట్టారు. ఏం మిగిలిందని దైవప్రవక్త (స) అడిగితే, భుజం ముక్క తప్ప ఏమీ మిగల్లేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆ భుజం తప్ప మిగిలినదంతా మిగిలే ఉందని ఆయన సరిదిద్దారు. మనం దాచుకున్నది ఖర్చయిపోతుంది. ఇచ్చినదే తీర్పుదినాన మన ముందుకు వస్తుంది.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను కారుణ్య నిలయాలుగా చేయి. మా వారికి మేము పెట్టే ప్రతి ముద్దనూ నీ ప్రసన్నత కోసమే పెట్టే భాగ్యాన్ని ప్రసాదించు. ఇచ్చిన దానిని దెప్పిపొడిచే దుర్గుణం నుండి మా నాలుకలను కాపాడు. ఆమీన్.