యంత్రమునందలి పట్టా

భూమి యెవరిదను ప్రశ్న వచ్చినప్పుడు మన ధర్మశాస్త్రములు మూడు ప్రమాణములను నిర్దేశించినవి. లిఖితము, భుక్తి, సాక్షులు అని యాజ్ఞవల్క్యుడు వానిని పేర్కొనెను. పత్రమున నేమి వ్రాసియున్నది? భూమిని దున్ని యనుభవించుచున్నవారెవరు? ఇరుగుపొరుగువా రేమి చెప్పుచున్నారు? ఈ మూడును ఏకమైనచో వివాదమునకు తావులేదు. ఒకటి తప్పినచో తక్కిన రెండును దానిని సరిదిద్దుటకు సాయపడును. నేడు తెలుగునాట భూమి లెక్కలు కాగితమునుండి కంప్యూటరులోనికి మారినవి. దీనివలన లిఖితమునకు మునుపెన్నడును లేని బలము చేకూరినది. తక్కిన రెండు ప్రమాణముల గతి యేమైనదో పాఠకులతో కలిసి విచారింపగోరుచున్నాము.

ఇటీవల నొక మండల కార్యాలయమున మేము కూర్చుండియుండగా, డెబ్బది యేండ్లు దాటిన రైతొకడు వచ్చి, గుడ్డలో చుట్టి తెచ్చిన పాత పాసుపుస్తకమును, శిస్తు రసీదులను బల్లపై నుంచెను. కంప్యూటరు ముందున్న యువకుడు మర్యాదగనే, "తాతా, నీ రెండెకరాలు ఆన్‌లైన్‌లో కనపడడం లేదు" అనెను. "నా చేను మా ఊళ్లోనే ఉంది బాబూ, వచ్చి చూడు" అని వృద్ధుడు బదులు చెప్పెను. ఇరువురిలో నెవ్వరును అసత్యమాడలేదు. చేను ఊరిలో నున్నది, యంత్రములో లేదు. దానిని యంత్రములో చేర్చు అధికారము ఆ యువకునకు లేదు. ఆ యధికార మెవరికి గలదో స్పష్టముగ చెప్పగలవారును ఆ గదిలో లేరైరి.

పూర్వపు పద్ధతి నిర్దోషమని మేము చెప్పబోము. కరణము, పట్వారీ మొదలగువారి దినములను మరచినవారు మాత్రమే అట్లు చెప్పగలరు. అడంగలులోగాని పహాణీలోగాని ఒక పేరు కొట్టివేసి మరియొక పేరు వ్రాయుటకు కలమును, చీకటియును చాలియుండెను. లెక్క లెవరి యింట నుండెనో వారి గుమ్మమునకు రైతు తిరుగవలసి వచ్చెడిది. కంచెయే చేను మేయుచున్నదను మొర దీర్ఘకాలము వినబడిన పిమ్మట, 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసెను. 1998లో 'కార్డు' అను పథకము పేర రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటరులు ప్రవేశించెను. అంతకు ముందు ఈసీ కొరకు గుమాస్తా పాత సంపుటములను తిరుగవేయుచుండగా దినములకొలది వేచియున్న పట్టణవాసులు, అదే పత్రమును కొలది నిమిషములలో పొందగలిగిరి. ఈ మేలును కాదనుట కృతఘ్నత యగును.

అయినను నకలు తీయుట వేరు. హక్కును నిర్ణయించుట వేరు. మొదటి పనికై పిలువబడిన యంత్రము క్రమముగా రెండవ పనికి పూనుకొన్నది. తెలంగాణమున 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగెను. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యెను. ఆ యేడు అక్టోబరు 29వ తేదీన ధరణి పోర్టలు ప్రారంభమయ్యెను. తహశీల్దారే రిజిస్ట్రారై, క్రయపత్రము వ్రాసిన దినముననే కొనినవాని పేర పట్టా మార్చు వెసులుబాటు కలిగెను. రికార్డు సరిగనున్నవారికి ఇది నిజముగా గొప్ప సౌకర్యము. రికార్డు తప్పుగనున్నవారి మాటయేమి? అనుభవదారుని కాలము కొత్త రికార్డునుండి తొలగింపబడెను. అనగా భుక్తి పోయెను. పొలముగట్లు తెలిసిన గ్రామోద్యోగి పోయెను; అనగా సాక్షియు పోయెను. 1971వ సంవత్సరపు చట్టమున తహశీల్దారు ఉత్తర్వుపై నుండిన అప్పీలు 2020వ సంవత్సరపు చట్టమున లేకపోయెను. రెండెకరముల రైతును సివిలు న్యాయస్థానమునకు పొమ్మనుట, నీరు కావలసినవానికి సముద్రమును చూపుటవంటిది.

సాదాబైనామా రైతుల కథ దీనికి నిదర్శనము. తెల్లకాగితముపై వ్రాయించుకొని, సొమ్ము చెల్లించి, తరములుగా సేద్యము చేయుచున్న చిన్నరైతులు వారు. వారికి భుక్తి గలదు, సాక్షులు గలరు. రిజిస్టరైన లిఖితము మాత్రము లేదు. 2020లో వారి దరఖాస్తులు లక్షలకొలది వచ్చెను. పాత చట్టము పోయి, కొత్త చట్టమున తగిన విధి లేకపోవుటచే అవి హైకోర్టు వ్యాజ్యమున చిక్కి యేండ్లతరబడి నిలిచిపోయెను. ఇక ఒక సర్వేనంబరులో కొంతభాగము ప్రభుత్వమువారి దైనంతమాత్రమున, ఆ నంబరంతయు నిషిద్ధ జాబితాకెక్కి, ఆడపిల్ల పెండ్లికి ఎకరము అమ్ముకొన జూచినవాడు అమ్ముకొనలేక నిలిచిన సందర్భములును గలవు.

కృష్ణకు ఈవలి యొడ్డున కథ వేరు, నీతి యొక్కటే. బ్రిటిషువారి నాటి సర్వేలో అరువదియారడుగుల గొలుసు పట్టి భూమిని కొలిచిరి. పది చదరపు గొలుసు లొక ఎకరము. ఆ కొలత జరిగిన నూరేండ్లకు, 2020 డిసెంబరులో కృష్ణాజిల్లా తక్కెళ్ళపాడున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పునఃసర్వే ప్రారంభించెను. డ్రోనులు ఆకాశమునుండి పటములు తీయగా, ఉపగ్రహముల సంకేతముల నందుకొను స్థిరకేంద్రముల సాయమున హద్దులను అంగుళముల లెక్కన నిర్ణయింప వీలయ్యెను. విజ్ఞానదృష్టితో ఇది ప్రశంసనీయమే. కాని డ్రోను గట్టును చూడగలదు. ఆ గట్టు అన్నదమ్ములలో నెవరు జరిపిరో అది యెరుగదు. పలువురి కమతములను కలిపి ఒకే పార్సెలు నంబరు నిచ్చుటచే కొత్త తగవులు పుట్టినవి. ఇంతలో 2023 అక్టోబరు 31వ తేదీనుండి భూమి హక్కుల చట్టము అమలులోనికి వచ్చెను. హక్కు తగవులను దిగువ సివిలు న్యాయస్థానముల నుండి తప్పించి అధికారుల చేతికిచ్చిన ఆ చట్టమునకు న్యాయవాదులును, రైతులును ఎదురుతిరుగగా, 2024లో అది రద్దయ్యెను.

ఉద్యోగముల విషయమునను ఇట్లే జరిగినది. కరణము పోయెను, తరువాతి గ్రామోద్యోగియు పోయెను. అధికారము మాత్రము పోలేదు, చేతులు మారెను. పూర్వము కరణమునకు పొలము తెలియును, పొలముగలవానికి కరణము తెలియును. అతడు తప్పుచేసినచో రచ్చబండ వద్ద నిలదీయుటకు ఊరివారికి మనిషి యొకడు కనబడెను. నేడు కంప్యూటరు వద్ద కూర్చుండు చిరుద్యోగికి పొలము తెలియదు. తన పేర జరిగిన పనికి తానే కర్తయని చెప్పుకొను స్వాతంత్ర్యమును లేదు. దస్తావేజు లేఖరి చేతివ్రాత పోయి అచ్చుఫారము వచ్చినది. మీసేవా కేంద్రమున దరఖాస్తు నింపి యిచ్చువాడు పల్లెకు కొత్త కరణమైనాడు. మధ్యవర్తిని తొలగింపవచ్చిన యంత్రము, తన్ను వాడ నేర్చినవానినే మధ్యవర్తిగా చేసినది.

రికార్డులో నున్నదే హక్కను సిద్ధాంతము లోకమునకు కొత్తది కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు దానిని చట్టముగా తెచ్చెను. రికార్డు పొరపాటువలన నిజమైన సొంతదారు నష్టపోయినచో పరిహార మిచ్చుటకై నిధి యేర్పరచుట ఆ పద్ధతిలో ముఖ్యాంగము. మన 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము పత్రమును నమోదుచేయునేగాని హక్కునకు హామీ నీయదు. హామీ లేకుండ రికార్డునకు తుదితీర్పు బలము నిచ్చినచో, ప్రభుత్వపు పొరపాటునకు రైతు మూల్యము చెల్లించును. ఇది న్యాయము కాదు.

అనుభవము కొంత బుద్ధి నేర్పినట్లే కనబడుచున్నది. 2025 ఏప్రిల్ 14వ తేదీన ధరణి స్థానమున వచ్చిన భూభారతి చట్టమున అప్పీళ్లకు మరల చోటు దొరికినది. ఆ యేడే గ్రామ పాలనాధికారులును నియమింపబడిరి. ఇవి తగిన మార్గములే. అయితే చట్టమున అప్పీలు వ్రాసినంత చాలదు. అది నిర్ణీత గడువులోపల తీరవలెను. రికార్డులో ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు, ఏ యాధారమున చేసిరో రైతునకు కనబడవలెను. మార్పునకు ముందు గ్రామసభలో బిగ్గరగ చదువవలెను. రికార్డునకును అనుభవమునకును పొత్తు కుదరనిచోట అధికారి పొలమునకు పోయి చూడవలెను.

పాఠకులకును ఒక మనవి. కంప్యూటరు వచ్చినదని పాత పత్రములను పారవేయకుడు. శిస్తు రసీదులు, పాత పహాణీల నకళ్లు భద్రపరచుకొనుడు. ఏటికొకసారి మీ సర్వేనంబరును పరీక్షింపుడు. చదువెరుగని పొరుగువాని నంబరును కూడ చూచిపెట్టుడు. రేపు వాని చేనికి మీరే సాక్షులు. ఆ వృద్ధుని రెండెకరములు యంత్రములో నెక్కుటకు మొదట ఊరివారి నోట "అది ఇతని చేనే" యను మాట వెలువడవలెను. ఆ మాటను చెవినిడు పద్ధతిని ప్రభుత్వములు శీఘ్రముగ నేర్పరచుగాక.