మొదటి ఊపిరి డ్రాగన్‌దే కావాలి

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఆటకు పేరే పెట్టుకున్నారు. పాత రూల్స్‌తో ఆడేవాళ్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు మాత్రం, ఆ డ్రాగనే త్వరగా చచ్చిపోతోందని. ఎర్ర డ్రాగన్ గుహలో ఎదురుపడితే, కాస్త అనుభవమున్న బృందం రెండు రౌండ్లలో దాని పని ముగిస్తుంది. ఒక రౌండు అంటే 10 సెకన్లు. నెలల తరబడి ఊరించిన శత్రువు 20 సెకన్లలో నేలకూలితే బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ నిరాశే. చాలామంది డంజన్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవాళ్లు, వెంటనే చేసే పని దాని ప్రాణబలం రెట్టింపు చేయడం. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టే అది. అంకెలు చూస్తే అసలు రోగం ఎక్కడుందో తెలుస్తుంది.

ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊరి నుంచి వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాలను టీఎస్ఆర్ సంస్థ ఒక పెట్టెలో పెట్టి 10 డాలర్లకు అమ్మింది. మొదటి విడత 1,000 ప్రతులు. అందులో డ్రాగన్లు ఆరు రంగులు. అన్నిటికంటే చిన్నదైన తెల్ల డ్రాగన్‌కు 5 నుంచి 7 పాచికల బలం, పెద్దదైన బంగారు డ్రాగన్‌కు 10 నుంచి 12. వయసు ఆరు దశలు. పాచికల సంఖ్యను వయసు దశతో హెచ్చవేస్తే వచ్చేదే దాని హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. 10 పాచికల ఎర్ర డ్రాగన్ ఐదో దశలో ఉంటే 50. అదే 9 పాచికల పిల్ల డ్రాగన్‌కు 9 మాత్రమే. దాని ఊపిరి చేసే నష్టం కూడా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

ఆ పుస్తకాల్లోనే ఇంకో రూలు ఉంది. డ్రాగన్‌ను చంపకుండా కొట్టి లొంగదీసుకుంటే, ఒక్కో హిట్ పాయింటుకు 500 నుంచి 1,000 బంగారు నాణేల చొప్పున అమ్ముకోవచ్చు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటాం. ఇక్కడ బతికున్న 50 పాయింట్ల డ్రాగన్ ధర 50,000 దాకా పలుకుతుంది. భయపెట్టాల్సిన జంతువు మొదటి రోజు నుంచీ సంతలో సరుకు కూడా అయింది.

లెక్క విడమరిచి చెప్పడానికి 1981 నాటి రూల్స్ తీసుకుంటున్నాను. టామ్ మోల్డ్‌వే బేసిక్ పుస్తకాన్ని, స్టీవ్ మార్ష్‌తో కలిసి డేవిడ్ కుక్ ఎక్స్‌పర్ట్ పుస్తకాన్ని తీర్చిదిద్దారు. పాత పద్ధతిలో ఆడేవాళ్లు ఈనాటికీ ఎక్కువగా పట్టుకునేది వీటినే. ఇందులో ఎర్ర డ్రాగన్‌కు ఎనిమిది ముఖాల పాచికలు 10 వేస్తారు. సగటున 45 హిట్ పాయింట్లు. ఊపిరి అంటే 90 అడుగుల పొడవు, చివర 30 అడుగుల వెడల్పున్న మంట. రోజుకు మూడుసార్లు వదలగలదు. ఆ మంటలో పడ్డవాళ్లకు తగిలే నష్టం, ఆ క్షణానికి డ్రాగన్‌లో మిగిలిన హిట్ పాయింట్లంత. సేవింగ్ త్రో, అంటే తప్పించుకోవడానికి వేసే పాచిక, గెలిస్తే అందులో సగం.

ఇప్పుడు ఏడో లెవెల్ బృందాన్ని దాని ముందు నిలబెడదాం. కత్తి పట్టే ఫైటర్‌కు సగటున 31 హిట్ పాయింట్లు, మంత్రాలు వేసే మ్యాజిక్ యూజర్‌కు 17. డ్రాగన్ ముందుగా ఊపిరి వదిలితే 45 నష్టం. ఇరవై ముఖాల పాచిక మీద 10 లేదా అంతకంటే ఎక్కువ పడ్డ ఫైటర్ సగం నష్టంతో తప్పించుకుంటాడు. ఆ అవకాశం 100కు 55. తప్పిన ఫైటర్ అక్కడే చస్తాడు. మంటలో ముగ్గురు ఫైటర్లుంటే ముగ్గురూ బతికే అవకాశం 100కు 17 మాత్రమే. మ్యాజిక్ యూజర్ సంగతి ఇంకా ఘోరం. సగం నష్టమే 22, అతనికున్నది 17. పాచిక గెలిచినా అతను మిగలడు.

అదే బృందం ముందు కొడితే? ముగ్గురు ఫైటర్ల చేతుల్లో ప్లస్ 2 కత్తులు, ఒంట్లో 16 స్ట్రెంగ్త్ ఉన్నాయనుకుందాం. డ్రాగన్ ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలనివ్వని రక్షణ, మైనస్ 1. ఒక్కొక్కరి దెబ్బ తగిలే అవకాశం సగానికి సగం, తగిలితే సగటున 8.5. ముగ్గురిదీ కలిపి దాదాపు 13. మ్యాజిక్ యూజర్ విసిరే పిడుగు, డ్రాగన్ సేవింగ్ త్రో కూడా లెక్కలోకి తీసుకుంటే, సగటున 18. మొత్తం 31 దాకా పోయింది. డ్రాగన్‌లో మిగిలింది 14 చిల్లర. ఇక అది ఎంత పెద్దగా నోరు తెరిచినా వచ్చేది 14 నష్టమే. ఫైటర్ దులుపుకుని నిలబడతాడు, తర్వాతి రౌండులో దాన్ని ముగిస్తాడు.

డ్రాగన్ ప్రాణం, డ్రాగన్ ఆయుధం ఒకే అంకె. ఎవరు ముందు కొడతారన్నదానికి ఇరుపక్షాలూ తలో ఆరు ముఖాల పాచిక వేస్తాయి. డ్రాగన్ స్పష్టంగా గెలిచే అవకాశం 36లో 15, అంటే 100కు 42. వెలుతురున్న గదిలో ముఖాముఖి నిలబెట్టిన డంజన్ మాస్టర్ తన డ్రాగన్ బతుకును ఆ 42 మీద పందెం కాసినట్టే.

కొత్త తరం రూల్స్ ఇంకో దారి పట్టాయి. 2014 ఎడిషన్‌లో అతి వృద్ధ ఎర్ర డ్రాగన్‌కు 546 హిట్ పాయింట్లు, ఊపిరి నష్టం సగటున 91. అంటే తన ప్రాణంలో ఆరో వంతు. పోరు ఎక్కువసేపు సాగుతుంది, కాదనను. ఒక్క క్షణంలో అంతా తారుమారయ్యే ఆ పాత భయం మాత్రం అందులో లేదు. నాకు 45 ప్రాణం, 45 మంట ఉన్న డ్రాగనే ఇష్టం. దానికి కావలసింది మొదటి ఊపిరి.

అది దక్కించే అంకెలు ఆ 1981 పుస్తకాల్లోనే ఉన్నాయి. కాగడా వెలుగు 30 అడుగులు. మంట 90 అడుగులు. వెలుగు చేరని చోటు నుంచి వచ్చే మంట ఎవరిదో కూడా బృందానికి కనిపించదు. పదడుగుల వెడల్పు సొరంగంలో ఇద్దరేసి చొప్పున నడిచే ఆరుగురూ ఒకే ఊపిరిలో పడతారు. ఆదమరిచి దొరికిపోయే అవకాశం మామూలుగానే 6లో 2. ఇక ఎగరడం. డ్రాగన్ రౌండుకు 80 అడుగులు ఎగురుతుంది, లోహ కవచం తొడిగినవాడు 20 అడుగులు నడుస్తాడు. ఒకసారి ఊపిరి వదిలి వెళ్లిపోయిన డ్రాగన్‌ను కాలినడకన పట్టుకునే మనిషి లేడు. దానికి ఇంకా రెండు ఊపిరులు మిగిలే ఉంటాయి. రేపు మళ్లీ మూడు.

నిధిని కూడా లెక్కలో పెట్టండి. గుట్టలో 30,000 నాణేలున్నాయనుకుందాం. ఒక మనిషి మోయగలిగేది 1,600 నాణేలు, అదీ రౌండుకు 10 అడుగుల నడకతో. ఆరుగురూ కలిసి 9,600 మోస్తారు. గుహ వదిలి వెళ్లిన డ్రాగన్ వాళ్ల కోసం బయట, ఆకాశంలో కాచుకుని ఉంటే? మూటలు వదిలేయాలా, ప్రాణాలు వదిలేయాలా అన్నది ఆటగాళ్లే తేల్చుకోవాలి. డ్రాగన్ వాళ్లకు అత్యంత భయంకరంగా కనిపించేది అక్కడే.

మాట్లాడే డ్రాగన్‌తో పోరు తీరే వేరు. ఎర్ర డ్రాగన్లలో సగం మాట్లాడతాయి, మాట్లాడేవాటికి మంత్రాలూ వచ్చు. నిద్రపోతూ దొరికే అవకాశం 100కు 10 మాత్రమే. అదే తెల్ల డ్రాగన్ అయితే 50 శాతం నిద్రలోనే ఉంటుంది, పది శాతమే మాట్లాడుతుంది. అందుకే కొత్త బృందానికి తెల్లది, ముదిరిన బృందానికి ఎర్రది సరిపోతాయి.

ఎత్తుగడ ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాత ఆటగాళ్లు ఇప్పటికీ తలచుకునేది 'టక్కర్స్ కోబోల్డ్స్'. 1987 నవంబరు 'డ్రాగన్' పత్రిక 127వ సంచిక సంపాదకీయంలో రోజర్ మూర్ రాసిన ముచ్చట అది. ఆటలో అతి బలహీన జీవుల్లో చేరే కోబోల్డులు సొరంగాలు, నిప్పు, దాక్కునే చోట్లు వాడుకుని ఉన్నత స్థాయి వీరులను తరిమి కొట్టాయి. సగం పాచిక బలమున్న కోబోల్డులకు అది చేతనైతే, పది పాచికల డ్రాగన్ గుహ మధ్యలో కూర్చుని దెబ్బల కోసం ఎదురు చూడటమేమిటి?

అలాగని అన్యాయంగా చంపమని కాదు. కాలిన చెట్లు, పశువుల్లేని పల్లెలు, కరిగి గడ్డకట్టిన కవచాలు దారిలో ముందే కనిపించాలి. వెనక్కి వెళ్లే అవకాశం ఆటగాళ్లకు ఉండాలి. విడివిడిగా నడిచి, దూరం నుంచి బాణాలు వేసి, పొద్దు చూసుకుని వచ్చిన బృందం గెలిస్తే ఆ గెలుపు పూర్తిగా వాళ్లదే.

కాబట్టి ఆట నడిపే మిత్రులకు నా విన్నపం ఇదే. ఈసారి హిట్ పాయింట్ల అంకె దిద్దకండి. ముందు గుహ పటం గీయండి. డ్రాగన్ ఎక్కడ పడుకుంటుంది, ఏ రంధ్రం గుండా బయటికి ఎగురుతుంది, 90 అడుగుల మంటకు ఏ సొరంగం సూటిగా దొరుకుతుంది అన్నవి అందులో గుర్తుపెట్టుకోండి. పాచిక ఆ తర్వాతే చేతికి తీసుకోండి.