తెరపై షేర్ల పోటీ

ధనాన్ని ఆర్జించడం ఒక విద్య, ఆర్జించిన దానిని నిలుపుకోవడం మరొక విద్య. మొదటి విద్యకున్న ఆకర్షణ రెండవ దానికి లేదు. టెలివిజన్‌లో ప్రసారమైన షేర్ల పోటీలను పరిశీలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది.

షేరు అంటే ఒక సంస్థ యాజమాన్యంలో చిన్న వాటా. సంస్థ లాభాలు పెరిగే కొద్దీ దాని షేరు విలువ కూడా పెరుగుతుంది. కాని ఆ పెరుగుదలకు సంవత్సరాలు పడుతుంది. షేరు ధర మాత్రం వార్తలను, వదంతులను, భయాన్ని, ఆశను అనుసరించి క్షణక్షణమూ మారుతూ ఉంటుంది. విలువపై నమ్మకంతో, ఓర్పుతో ధనాన్ని నిలిపి ఉంచడం మదుపు. ధరలోని హెచ్చుతగ్గులపై పందెం కాయడం స్పెక్యులేషన్. టెలివిజన్‌కు సంవత్సరాల తరబడి వేచి ఉండే ఓపిక లేదు. కనుక అది సహజంగానే రెండవ దానిని ఎన్నుకుంటుంది.

2007లో అమెరికాలోని సీఎన్‌బీసీ ఛానల్ మిలియన్ డాలర్ పోర్ట్‌ఫోలియో ఛాలెంజ్ అనే పోటీని నిర్వహించింది. పాల్గొన్నవారికి పది లక్షల డాలర్ల ఊహాధనాన్ని ఇచ్చి, దానితో షేర్లు కొని అమ్మమన్నారు. విజేతకు లభించేది మాత్రం పది లక్షల డాలర్ల నిజమైన ధనం. ఈ నియమంలోనే ఒక చిక్కు ఉంది. ఓడినవారికి పోయేది ఏమీ లేదు. రెండవ స్థానం వచ్చినా, చివరి స్థానం వచ్చినా ఆ బహుమతి దక్కదు. అటువంటప్పుడు నిదానంగా, జాగ్రత్తగా ఆడేవాడు గెలవలేడు. ఉన్న ధనమంతా ఒకే షేరుపై ఒడ్డిన సాహసులలో అదృష్టం కలిసివచ్చినవాడే ముందుంటాడు. పైగా ఒక్కరే పలు ఖాతాలు తెరిచే వీలుండటంతో, ఒక్కొక్క ఖాతాలో ఒక్కొక్క పందెం కాసి చూడవచ్చు. పది ఖాతాలు మునిగినా ఒకటి తేలితే చాలు. మార్కెట్ మూసిన తరువాత వెలువడిన వార్తలను చూసి, పాత ధరకే షేర్లు కొనే లొసుగును కొందరు వాడుకున్నారనే ఆరోపణ కూడా వచ్చింది. దర్యాప్తు జరిగి, ముందువరుసలో ఉన్న కొందరిని తప్పించిన తరువాత, ఒహాయో రాష్ట్రానికి చెందిన ఒక హోటల్ పరిచారికకు ఆ బహుమతి దక్కింది.

2009 జనవరిలో బ్రిటన్‌లోని బీబీసీ టూ ఛానల్ ప్రసారం చేసిన మిలియన్ డాలర్ ట్రేడర్స్ దీనికి భిన్నమైనది. సైనికుడు, పశువైద్యుడు, బాక్సింగ్ పోటీల నిర్వాహకుడు వంటి సామాన్యులకు రెండు వారాల శిక్షణ ఇచ్చి, పది లక్షల డాలర్ల నిజమైన ధనాన్ని అప్పగించారు. ఆ ధనాన్ని సమకూర్చినవాడు లెక్స్ వాన్ డామ్ అనే హెడ్జ్ ఫండ్ నిర్వాహకుడు. 1983లో రిచర్డ్ డెన్నిస్ అనే షికాగో వ్యాపారి చేసిన ప్రయోగం దీనికి ప్రేరణ. వ్యాపార నైపుణ్యం పుట్టుకతో వస్తుందా, నేర్పితే అబ్బుతుందా అని డెన్నిస్‌కూ ఆయన మిత్రుడు విలియం ఎక్‌హార్ట్‌కూ వాదం వచ్చింది. దానిని తేల్చడానికి డెన్నిస్ పత్రికలలో ప్రకటన ఇచ్చి కొందరిని ఎంపిక చేసి, వారికి ‘తాబేళ్లు’ అని పేరు పెట్టి శిక్షణ ఇచ్చాడు.

ఏది కొనాలన్నది ఆ శిక్షణలో సగమే. ఎంత పోగొట్టుకోవచ్చన్నది మిగిలిన సగం. ఒక్కొక్క వ్యాపారంలో మొత్తం ధనంలో సుమారు 2 శాతానికి మించి నష్టం రాకూడదు. నష్టం ఆ హద్దును తాకగానే అభిమానాన్ని పక్కనపెట్టి బయటపడాలి. దీని వెనుక ఉన్న గణితం సులభమైనది. లక్ష రూపాయలున్నవాడు ప్రతిసారీ 2 శాతం చొప్పున వరుసగా పదిసార్లు నష్టపోయినా, అతని చేతిలో దాదాపు 81,700 రూపాయలు మిగులుతాయి. ప్రతిసారీ సగం ఒడ్డేవాడు రెండుసార్లు ఓడితే మిగిలేది 25,000 మాత్రమే. అతడు తిరిగి లక్షకు చేరాలంటే ఉన్న ధనం నాలుగింతలు కావాలి. పోగొట్టుకున్నంత తేలికగా తిరిగి సంపాదించలేమని ఈ లెక్క చెబుతున్నది.

బీబీసీ ప్రయోగం జరిగిన 2008లో ప్రపంచ మార్కెట్లు కుంగిపోతున్నాయి. తెరపై కనిపించినది లాభాల పండుగ కాదు. నిజమైన ధనం పోతున్నప్పుడు కలిగే ఆందోళన, తప్పును ఒప్పుకోలేని మొండితనం, తోటివారితో తగవులు కనిపించాయి. ఊహాధనంతో ఆడే పోటీ ఈ పాఠాన్ని నేర్పలేదు.

మన దేశానికీ ఈ విషయంతో సంబంధం ఉంది. షేర్ల ధరల ఆధారంగా బహుమతులిచ్చే ఆటల విషయంలో జాగ్రత్తగా ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016లో మదుపరులను హెచ్చరించింది. 2024లో అటువంటి ఆటలకు అప్పటికప్పటి ధరల సమాచారం అందించకుండా ఆంక్షలు విధించింది. భవిష్యత్తులోని ధరలపై ఒప్పందాలు చేసుకునే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో 2021-22 నుండి 2023-24 వరకు పాల్గొన్న వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని అదే సంవత్సరం ప్రకటించింది. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఇది ఊహాధనం కాదు. ఎన్నో కుటుంబాలు కూడబెట్టుకున్న సొమ్ము.

పోటీకి ఒక గడువు ఉంటుంది, గంట మోగగానే లెక్క తేలిపోతుంది. జీవితంలో ఆ గంట మోగదు. ఒకరోజు అందరికంటే ముందుండటం కంటే, చాలాకాలం ఆటలో నిలిచి ఉండటమే అక్కడ ముఖ్యం. కనుక మదుపు చేయదలచినవారు ఎంత వస్తుందని ఆశపడే ముందు, ఎంత పోతే తట్టుకోగలమని తమను తాము ప్రశ్నించుకోవాలి.